పేస్‌మేకర్ పెట్టాక చూసేదెవరు?

సంపాదకులకు,

2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి విడత మూడు జిల్లాల్లో మా శ్రీకాకుళం కూడా ఉంది. తెల్లకార్డు ఇళ్లలో పేస్‌మేకర్, అంటే నెమ్మదించిన గుండెను సరైన వేగంతో కొట్టించేందుకు ఒంట్లో అమర్చే బ్యాటరీ పరికరం, అన్న మాట వినిపించడం ఆ తర్వాతే. అంతకుముందు గుండె నెమ్మదించి కళ్లు తిరిగి పడిపోయిన ముసలివాళ్లను పైత్యం అనో, వయసు మీద పడిందనో మంచాన పడుకోబెట్టేవాళ్లం.

పేస్‌మేకర్ పెట్టించుకునేవాళ్ల సంఖ్య ఇంకా పెరిగేదే. 2009లో 61 దేశాల లెక్కలు తీస్తే ఆ ఒక్క ఏడాదిలోనే 10 లక్షలకు పైగా పేస్‌మేకర్లు అమర్చారని తేలింది. వాటిలో రెండున్నర లక్షలకు పైగా పాతవి తీసి కొత్తవి పెట్టినవే. జర్మనీలో ప్రతి పది లక్షల మందికి 900 పైచిలుకు కొత్తవి పెడితే మనం ఎక్కడో అడుగున ఉన్నాం. మన గుండెలు గట్టివని కాదు, పడిపోయిన మనిషికి వెంటనే ఈసీజీ తీసే ఏర్పాటు ఊళ్లలో లేక.

1958లో స్వీడన్‌లో తొలిసారి ఒంట్లో అమర్చిన పేస్‌మేకర్ కొన్ని గంటలే పనిచేసింది. ఆ రోగి మాత్రం ఇరవైకి పైగా పరికరాలు మార్చుకుంటూ 2001 దాకా బతికాడు. ఇప్పటి లిథియం బ్యాటరీలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు వస్తున్నాయి. అంటే తొలి రోజుల్లో పథకం కింద పెట్టించుకుని, ఇంకా మార్పించుకోనివాళ్లకు గడువు దాటిపోయినట్టే. ఫోను చొక్కా జేబులో పెట్టుకోకూడదని వాళ్లందరికీ తెలుసు. బ్యాటరీని ఆరు నెలలకో ఏడాదికో ఓసారి చూపించుకోవాలని మాత్రం చాలామందికి ఎవరూ గట్టిగా చెప్పలేదు.

చెప్పినా చూపించుకునేది ఎక్కడ? పరికరం ఎలా ఉందో బయటి నుంచే చూసే మెషీన్ ఒక్కో కంపెనీకి వేరు, ఒకరి పరికరాన్ని ఇంకొకరి మెషీన్ చదవజాలదు. మా పెద్దమ్మను తీసుకుని విశాఖలో ఓ ఆస్పత్రికి వెళితే, ఆ కంపెనీ టెక్నీషియన్ ఈరోజు రాడు, వచ్చే వారం రండి అన్నారు. ఎనభై దాటిన మనిషిని బస్సులో మళ్లీ తిప్పాలి. బ్యాటరీ అయిపోవచ్చిందని పరికరం సూచన ఇచ్చాక మార్చడానికి మామూలుగా ఉండే గడువు మూడు నెలలే. ఆ సూచనను చూసేవాళ్లే లేకపోతే ఎలా?

అన్ని కంపెనీల మెషీన్లూ ప్రతి ఏరియా ఆస్పత్రిలో పెట్టమని అడగడం లేదు. పేస్‌మేకర్ మీద అయస్కాంతం పెట్టి ఈసీజీ తీస్తే గుండె ఒక స్థిరమైన వేగంతో కొట్టుకుంటుంది. బ్యాటరీ తగ్గితే ఆ వేగం మారుతుంది. ఏ కంపెనీకి ఎంత వేగం ఉండాలో పట్టిక ఉంటుంది. ఈసీజీ మెషీన్ ఎలాగూ ఉంది కాబట్టి అయస్కాంతం, ఆ పట్టిక, శిక్షణ పొందిన ఒక డాక్టర్ ఉంటే చాలు. పూర్తి చెకప్ కాకపోయినా, ఎవరిని వెంటనే విశాఖ పంపాలో తెలిసిపోతుంది. కంపెనీల టెక్నీషియన్లు జిల్లా ఆస్పత్రికి నెలకో రోజు వచ్చేలా కొనుగోలు ఒప్పందంలోనే రాయించవచ్చు. బిల్లులు కట్టింది ఆరోగ్యశ్రీ పథకాన్ని నడిపే ట్రస్టే కాబట్టి ఎవరికి ఏ ఏడాది పెట్టారో అక్కడ తెలియాలి. ఎనిమిదేళ్లు దాటినవాళ్ల ఫోన్లకు ఒక మెసేజ్ పంపించడం అంత కష్టమా?

ఇంకో మాట, ఇది పాఠకులకు. ఆపరేషన్ రోజు ఇచ్చే చిన్న కార్డు మీద కంపెనీ, మోడల్, తేదీ ఉంటాయి. దాన్ని ఆధార్‌తో పాటు జాగ్రత్త చేయండి. మా పెద్దమ్మ కార్డు పోవడంతో, అది ఏ కంపెనీదో తెలుసుకోవడానికే ఎక్స్‌రే తీయాల్సి వచ్చింది.

— ఒక పెన్షనర్, శ్రీకాకుళం జిల్లా