జెండా పండుగ మరునాడు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఆగస్టు 16 ఉదయం మన పిల్లలు గేటు ముందు, సైడు కాలవ పక్కన వంగి ఏదో ఏరుతున్న ఫొటో మీ గ్రూపుల్లో తిరుగుతోందట. "ఫీజులు కట్టించుకుని పిల్లల చేత చెత్త ఎత్తిస్తున్నారా" అని ఇద్దరు ముగ్గురు నాకు ఫోన్ చేశారు. నేరుగా నన్నే అడిగినందుకు సంతోషం. జరిగింది చెబుతాను.

ఎవరూ ఎత్తించలేదు. ఎనిమిదో తరగతి అమ్మాయిలు నలుగురు బెల్లు కొట్టకముందే వచ్చి, ముందురోజు రోడ్డు మీద పడేసిన ప్లాస్టిక్ జెండాలు ఏరడం మొదలుపెట్టారు. నేను వచ్చేసరికి బకెట్లో ముప్పై ఏడున్నాయి. ఒకదాని మీద బండి టైరు అచ్చు పడింది. ఒక పిల్ల దాన్ని కొళాయి కింద పట్టుకుని బొటనవేలితో బురద రుద్దుతూ, చక్రంలో ఆకులు లెక్కపెట్టింది. "దీంట్లో పదహారే ఉన్నాయి మేడమ్, 24 ఉండాలి కదా" అంది. నాకు గొంతు పట్టేసింది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని నేనూ కాలవ దగ్గర వంగాను. ఆ సంగతి ఫొటోలో లేదు.

ఆ జెండాలు మన బడిలో ఇచ్చినవి కావు. దారిలో పిల్లలు అడిగారని మీరు ముద్దుగా కొనిచ్చినవి. మీ ప్రేమను కాదనను. కానీ ఇంటికి వెళ్లేటప్పుడు ఆ జెండా పిల్లవాడి చేతిలో ఉందో లేదో ఒక్కసారి చూడొద్దా? ప్లాస్టిక్ జెండాలు వాడొద్దని కేంద్ర హోం శాఖ పలుమార్లు చెప్పింది. 2002 నుంచి అమల్లో ఉన్న జెండా నియమావళి కాగితం జెండాలను ఊపుకోనిస్తుంది, వాటిని కింద పడేయడాన్ని మాత్రం ఒప్పుకోదు. 2022లో నియమం మార్చాక ఇంటి మీద రాత్రీ పగలూ ఎగరేసుకోవచ్చు. అలాగని చిరిగి, వెలిసి, ఆరేసిన బట్టల మధ్య దసరా దాకా వేలాడనివ్వకూడదు. పాడైన జెండాను నలుగురి కంట పడకుండా, మర్యాదగా, వీలైతే కాల్చి ముగించాలి. దొరికిన కాగితం జెండాలను మేము బడి వెనక అలాగే చేశాం, పిల్లలు చెప్పకుండానే నిలబడ్డారు. ప్లాస్టిక్‌వి కాలిస్తే పొగ. అవి నా గదిలో గోనెసంచిలో ఉన్నాయి.

ఈ విషయంలో నాకింత పట్టింపు ఎందుకంటే, మనది కృష్ణా జిల్లా. పింగళి వెంకయ్య గారు పుట్టిన భట్లపెనుమర్రు మన జిల్లాలోదే. దేశానికొక జెండా ఉండాలని ఆయన 1916లోనే ముప్పై నమూనాలతో బందరులో పుస్తకం వేశారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీ గారి చేతిలో జెండా నమూనా పెట్టారు. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఈనాటి జెండాను ఆమోదించినప్పుడు రాట్నం స్థానంలో అశోక చక్రం వచ్చింది. ఒక మనిషి అన్నేళ్లు పట్టుకు తిరిగిన ఆలోచన అది. ఆ జిల్లా పిల్లల కాళ్ల కింద అది నలగడం నేను చూడలేను.

పదిహేనో తేదీ సాయంత్రం జెండా దించడం మీలో ఎవరూ చూడలేదు, అందరూ స్వీట్లు తీసుకుని వెళ్లిపోయారు. చూడాల్సింది. తొమ్మిదో తరగతి పిల్లలిద్దరు నెమ్మదిగా దించారు, అంచు కూడా నేలకు తగలనివ్వలేదు. కాషాయాన్నీ ఆకుపచ్చనూ తెలుపు కిందికి మడిచారు. తర్వాత రెండు పక్కల నుంచీ మధ్యకు మడిచి, చక్రం పైకి కనిపించేలా అరచేతుల మీద పెట్టి నాకు అందించారు. ఎవరూ దగ్గరుండి చెప్పలేదు. ఆ ఇద్దరి తల్లులకు నా నమస్కారం.

ఇంకో మాట. జనగణమన మొదలైనప్పుడు గేటు బయట బండి మీదే కూర్చుని ఫోన్ మాట్లాడుతున్న వారిని లోపల వరుసలో నిలబడ్డ పిల్లలు చూస్తున్నారు. యాభై రెండు సెకన్లు. దయచేసి బండి దిగండి. వందనం ఎనిమిదిన్నరకు అని డైరీలో రాయించినా తొమ్మిదికి దింపితే, పాపం ఆ పిల్లవాడికే టెన్షన్.

ప్రోగ్రెస్ కార్డులు శనివారం ఇస్తాం, సంతకం పెట్టి సోమవారం పంపండి. బస్సు ఫీజు బాకీ ఉన్నవారు నెలాఖరులోగా కట్టండి. టిఫిన్ బాక్సుల మీద పేర్లు రాయండి.

జనవరి 26కు జెండాలు కొనకండి. పిల్లలు క్లాసులోనే కాగితంతో చేసుకుంటారు, చక్రానికి 24 ఆకులూ గీస్తారు. గేటు దగ్గర ఒక పెట్టె పెడతాం. వెళ్లేటప్పుడు జెండా అందులో వేయించండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు