ఆ రిపోర్టు వెనక్కి పంపిన సూపర్‌వైజర్ గారికి

పోయిన గురువారం మా తమ్ముడి మీద కేసు కొట్టేశారు. మేముండేది టెక్సస్‌లో, డాలస్ చుట్టుపక్కల. కౌంటీ పేరు, మనుషుల పేర్లు రాయొద్దన్నాడు తమ్ముడు. మిగతాదంతా రాయమన్నాడు. "మనవాళ్ళలో ఇంకెవరికైనా పనికొస్తుందక్కా" అన్నాడు.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో వాడు వరసగా నాలుగు రోజులు నిద్రపోలేదు. ఐదో రాత్రి మూడింటికి పక్కింటి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, గ్యాస్ లీకవుతోంది, పిల్లల్ని బయటికి తీసుకురండి అని కేకలు పెట్టాడట. గ్యాసూ లేదు, ఏమీ లేదు. వాళ్ళు హడలిపోయి 911కి ఫోన్ చేశారు. వాళ్ళని తప్పుపట్టను, నేనైనా అదే చేసేదాన్ని. తెల్లారేసరికి తమ్ముడు కౌంటీ జైల్లో ఉన్నాడు, క్రిమినల్ ట్రెస్‌పాస్, అంటే అనుమతి లేకుండా ఇంకొకరి చోట్లోకి చొరబడిన కేసు మీద.

నాకు తర్వాత తెలిసిన ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తాను. టెక్సస్ చట్టం ప్రకారం, జైలుకొచ్చిన మనిషికి మానసిక జబ్బు ఉండొచ్చని నమ్మదగిన సమాచారం అందితే షెరిఫ్ (కౌంటీ జైలు చూసుకునే పోలీసు అధికారి) 12 గంటల్లోగా మేజిస్ట్రేట్‌కి చెప్పాలి. అంతకుముందు ఈ గడువు 72 గంటలు. 2015లో వాలర్ కౌంటీ జైల్లో సాండ్రా బ్లాండ్ అనే మహిళ చనిపోయిన తర్వాత, 2017లో ఆమె పేరుతో వచ్చిన చట్టం దాన్ని తగ్గించింది. కాబట్టి మీవాళ్ళకు ఇలాంటిది జరిగితే పరువు గురించి ఆలోచిస్తూ కూర్చోకండి. జబ్బు పేరు, మందుల పేర్లు, డాక్టర్ ఫోన్ నంబరు వెంటనే జైలుకు చెప్పండి, కాగితం మీద కూడా పెట్టండి. మేం మొదటి రోజంతా ఎవరికీ చెప్పకుండా ఏడుస్తూ గడిపేశాం.

ట్రీట్‌మెంట్ తీసుకోవాలన్న షరతు మీద తమ్ముణ్ణి పర్సనల్ బాండ్‌పై, అంటే ముందు డబ్బు కట్టించుకోకుండా కోర్టుకు వస్తానన్న హామీ మీద వదిలారు. వదిలింది రాత్రి ఒంటిగంటన్నరకు. నేను వెళ్ళేసరికి వాడు గేటు బయట లైటు కింద, చలికి ముడుచుకుని ఒక అమ్మాయి పక్కన నిలబడి ఉన్నాడు. ఆ అమ్మాయే వాడి కేస్‌వర్కర్. చేతిలో కాగితం సంచి, అందులో డాక్టర్ అపాయింట్‌మెంట్ దాకా సరిపోయే మందులు. ఇంత రాత్రి వచ్చావేమిటమ్మా అంటే, "మా సూపర్‌వైజర్ రూల్. జైలు గేటుకీ మొదటి అపాయింట్‌మెంట్‌కీ మధ్యలోనే మనుషులు జారిపోతారంటుంది" అని చెప్పింది. ఆ సూపర్‌వైజర్ గారి గురించి వినడం అదే మొదటిసారి.

ఆవిడ కింద ఆరుగురు కేస్‌వర్కర్లు పనిచేస్తారు. కోర్టులో కేసులున్నవాళ్ళకు డాక్టరు, మందులు, కౌన్సెలింగ్, ఉండడానికి చోటు ఏర్పాటు చేయడం వాళ్ళ పని. వాళ్ళు రాసే ప్రతి రిపోర్టూ జడ్జి దగ్గరికి వెళ్ళేముందు చదవడం ఆవిడ పని. మామూలుగా ఆవిడ కుటుంబాలకు కనిపించరు. మాకు కనిపించడానికి కారణం మా అమ్మ.

అమ్మ అప్పుడే తెనాలి నుంచి వచ్చింది. కుటుంబంతో మాట్లాడే మీటింగుకు సూపర్‌వైజర్ గారు కూడా వచ్చి ఒక మూల కూర్చున్నారు. కేస్‌వర్కర్ అడుగుతోంది, అమ్మ తెలుగులో చెబుతోంది, నేను ఇంగ్లీషు చేస్తున్నాను. ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా జరిగిందా అని అడిగితే అమ్మ చాలాసేపు చెప్పింది. కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. నేను మాత్రం "చదువు టెన్షన్‌తో ఒకసారి కొంచెం ఇబ్బంది పడ్డాడు" అని తేల్చేశాను.

సూపర్‌వైజర్ గారు నన్నేమీ అనలేదు. కొంచెం ఆగి, "మీరు అక్కగా ఇక్కడికి వచ్చారు. ఈ పని కూడా మీ నెత్తిన ఎందుకు పెట్టాలి?" అని, ఫోన్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పిలిపించారు. అడ్డం పడబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఉండవే, ఈసారి అన్నీ చెప్పనీ" అంది. ఇంటర్ రెండో ఏడాదిలో తమ్ముడు వారం రోజులు నిద్రపోకుండా గోడల నిండా లెక్కలు రాయడం, నాన్న వాణ్ణి రాత్రికి రాత్రి ఊరికి తీసుకుపోవడం, బంధువులకు టైఫాయిడ్ అని చెప్పడం, అన్నీ చెప్పింది. ఆ టైఫాయిడ్ అబద్ధం నాకూ తెలుసు. పన్నెండేళ్ళుగా నేనూ అదే చెబుతున్నాను. డాక్టర్‌కి ఆ వివరాలు అందాకే అది బైపోలార్ (కొన్నాళ్ళు విపరీతమైన ఉత్సాహం, కొన్నాళ్ళు కుంగుబాటు వచ్చే మానసిక జబ్బు) అని తేలింది, మందు మారింది.

ఇప్పుడు రిపోర్టు సంగతి. మేలో తమ్ముడు వరసగా రెండు అపాయింట్‌మెంట్లు మానేశాడు. అప్పటికి మొదటి అమ్మాయి ఉద్యోగం మారింది, ఒక కొత్త అబ్బాయి వచ్చాడు. అతను రిపోర్టులో "నాన్‌కంప్లయంట్" అని రాశాడు. మాట వినడం లేదు, షరతులు పాటించడం లేదు అని దానర్థం. జడ్జి ముందుకు ఆ మాట వెళితే బాండ్ రద్దయ్యే ప్రమాదం ఉంది.

ఆవిడ దాన్ని వెనక్కి పంపారు. ఆ అబ్బాయే తర్వాత మాకు చెప్పాడు. కాగితం అంచున ఎర్ర పెన్నుతో ఒక్క ప్రశ్న రాశారట: "ఎందుకు రాలేదు?" అతని దగ్గర జవాబు లేదు. వెళ్ళి కనుక్కోమన్నారు. అతను ఇంటికొచ్చి అడిగితే తమ్ముడు తలొంచుకుని చెప్పాడు. క్లినిక్ 18 మైళ్ళ దూరం, ఆ దారిలో బస్సు లేదు, కొత్త మందు వల్ల చేతులు వణుకుతున్నాయి, కారు నడపాలంటే భయం. మాకెవరికీ చెప్పలేదు, ఇప్పటికే అందరినీ ఇబ్బంది పెట్టానని.

రెండు అపాయింట్‌మెంట్లు తప్పాయన్న సంగతి ఆవిడ దాచలేదు. అది రిపోర్టులో అలాగే ఉంది. పక్కన కారణం చేరింది, కారు ఏర్పాటు చేశామని చేరింది, వణుకు గురించి డాక్టర్‌కి చెప్పి మోతాదు మార్పించామని చేరింది. జడ్జి గారు చదివి, ఇప్పుడు చేతులెలా ఉన్నాయి అని తమ్ముణ్ణి అడిగారు. కోర్టులో వాడు తలెత్తి మాట్లాడింది ఆ రోజే.

ఆవిడ తనది కాని పనిలో వేలు పెట్టలేదు, అది కూడా చెప్పాలి. తమ్ముడు హెచ్1బీ మీద ఉన్నాడు. డైవర్షన్ కాగితాల మీద, అంటే ట్రీట్‌మెంట్ షరతులు పూర్తి చేస్తే కేసు కొట్టేసే ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు, "ఇది నేను చెప్పాల్సింది కాదు, ఇమిగ్రేషన్ తెలిసిన లాయర్‌కి చూపించండి" అన్నారు. అది మంచిదయింది. కోర్టు తర్వాత కేసు కొట్టేసినా, ముందు నేరం ఒప్పుకుని ఉంటే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని శిక్ష పడినట్టే లెక్కేయగలదట. మా లాయర్ గారు ఒప్పుకోలు లేకుండా రాయించారు. ఇంకోటి, తన వివరాలు మాకు చెప్పొచ్చని తమ్ముడు సంతకం పెట్టేదాకా వాడి గురించి మాకు ఒక్క ముక్క చెప్పలేదు. "మేం చెప్పకూడదు. కానీ మీరు చెప్పొచ్చు, మేం వింటాం" అన్నారు. ఈ తేడా చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

ఇద్దరు కేస్‌వర్కర్లకూ, ఫోన్లో గొంతు మాత్రమే విన్న ఆ తెలుగు ఇంటర్‌ప్రెటర్ గారికీ, తమ్ముడి మీద పగ పెట్టుకోని పక్కింటివాళ్ళకూ మా నమస్కారాలు.

సూపర్‌వైజర్ గారికి అమ్మ సున్నుండలు చేసి తీసుకెళ్ళింది. కానుకలు తీసుకోకూడదని నిబంధన ఉందట. ఆవిడే అమ్మ రెండు చేతులూ పట్టుకుని, దానికి బదులు ఒక ఉత్తరం ఇవ్వండి, కొత్తగా చేరేవాళ్ళ చేత చదివిస్తాను అన్నారు. తమ్ముడు రెండు పేజీలు రాశాడు. అమ్మ తనూ చెబుతానని నిన్న రాత్రి నన్ను కూర్చోబెట్టి గంటసేపు చెప్పింది. "నా బిడ్డని కాగితంలా చూడకుండా మనిషిలా చూశావు తల్లీ, నీ కడుపు చల్లగా ఉండాలి" అని మొదలుపెట్టింది. అది ఇంగ్లీషులోకి రాస్తున్నాను. ఈసారి ఒక్క మాట కూడా తగ్గించడం లేదు.