గుర్తు కనిపిస్తే చాలదు, సంతానాన్ని చూపించాలి

చిరంజీవి లహరికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

ఎలుక చిన్నపేగు డేటాలో ఒక కొత్త జీన్ క్రిప్ట్ (పేగు గోడలోని చిన్న గుంట) అడుగునున్న కణాల్లోనే కనిపిస్తోందని, దాన్ని మూలకణాల (మిగతా కణాలను పుట్టించే కణాల) మార్కర్‌గా, అంటే గుర్తుగా, పేపర్‌లో రాసేద్దాం అంటున్నారని మొన్న ఫోన్‌లో చెప్పావు. నువ్వు హడావిడిలో ఉన్నావని అప్పుడేమీ అనలేదు. ఇన్నేళ్లు జువాలజీ చెప్పినదాన్ని కదా, మనసు ఆగక రాస్తున్నాను. ఇప్పుడే ఆ మాట రాయొద్దు తల్లీ.

పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజుల్లో మొత్తం మారిపోతుందని నీకు తెలుసు. అంత కొత్త సరుకు ఎక్కడినుంచి వస్తోంది అన్నది పాత ప్రశ్నే. 1974లో కెనడాలో చెంగ్, లెబ్లాండ్ అనే ఇద్దరు దాన్ని పట్టుకున్న తీరు నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. రేడియోధార్మిక థైమిడిన్ (డీఎన్‌ఏ తయారీకి కణాలు వాడుకునే పదార్థం) ఇస్తే క్రిప్ట్ అడుగున పానెత్ అనే రకం కణాల మధ్య ఇరుక్కున్న సన్నటి కణాల్లో కొన్ని చచ్చిపోయాయి. పక్కనున్న అలాంటి కణాలే ఆ శిథిలాలను మింగాయి. తర్వాత ఆ మింగిన ముక్కలు పేగులోని నాలుగు రకాల కణాల్లోనూ కనిపించాయి. అంటే ఆ సన్నటి కణాలకే ఇవన్నీ పుట్టాయన్నమాట. వాళ్ల దగ్గర జీన్ పేరు ఏదీ లేదు. అయినా ఎవరికి ఎవరు పుట్టారో చూపించగలిగారు.

జీన్ పేరు రావడానికి 2007 దాకా పట్టింది. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో, హుబ్రెక్ట్ సంస్థలో, హాన్స్ క్లెవర్స్ బృందం కోలన్ క్యాన్సర్ కణాల్లో వింట్ అనే, కణాలను పెరగమని చెప్పే సంకేతం మీద ఆధారపడే జీన్‌లను వెతుకుతూ వెళ్లింది. వాటిలో ఎల్‌జీఆర్5 అనే జీన్ ఒక్కటీ విడిగా, క్రిప్ట్ అడుగునున్న ఆ సన్నటి కణాల్లోనే కనిపించింది. ఆ జీన్ తయారుచేసేది కణం మీద సంకేతాలు అందుకునే రిసెప్టర్, అప్పటికి దానికి అతుక్కునేది ఏమిటో కూడా తెలియదు. అది ఆర్-స్పాండిన్ అనే ప్రోటీన్ అని తేలింది 2011లో.

ఆ బృందంలోని నిక్ బార్కర్, మిగతావాళ్లు అక్కడితో ఆగి మార్కర్ దొరికిందని రాసేయలేదు, నువ్వు గమనించాల్సింది ఇదే. ఎల్‌జీఆర్5 పనిచేస్తున్న కణాల్లో మాత్రమే, టమాక్సిఫెన్ అనే మందు ఇచ్చినప్పుడు మాత్రమే, డీఎన్‌ఏలో చెరగని మార్పు వచ్చేలా ఎలుకలను తయారుచేశారు. అలా మారిన కణానికి పుట్టినవన్నీ రంగు వేస్తే నీలంగా కనిపిస్తాయి. మొదట క్రిప్ట్ అడుగున ఒకటి రెండు నీలం కణాలు. కొన్ని రోజులకు అడుగు నుంచి విల్లస్ (పేగులోకి వేలులా పొడుచుకొచ్చిన భాగం) కొస దాకా నీలం చార. రెండు నెలల తర్వాత చూసినా ఆ చార అలాగే ఉంది, అందులో అన్ని రకాల కణాలూ ఉన్నాయి. ఈ మధ్యలో పొర ఎన్నోసార్లు రాలి, మళ్లీ పుట్టింది. ఇంత చూశాకే వాళ్లు మూలకణం అన్నారు. విత్తనాల సంచి మీద చీటీ ఎంత బాగున్నా మొలక వచ్చాకే కదా రైతు నమ్మేది.

చీటీని నమ్మితే ఏమవుతుందో డీసీఎల్‌కే1 అనే జీన్ విషయంలో చూశాం. దాన్ని కొంతకాలం పేగు మూలకణాల మార్కర్ అన్నారు. ఆరోగ్యంగా ఉన్న పేగులో అది ఉన్నవి మూలకణాలు కావని, టఫ్ట్ అనే వేరే రకం కణాలని తర్వాత తేలింది. బీఎంఐ1 అనే ఇంకో జీన్ సంగతి ఇంకాస్త చిక్కు. 2008లో అమెరికాలోని మారియో కపెకీ ల్యాబ్ సంతానాన్ని కూడా చూపించింది, అది మంచి పనే. కానీ ఆ జీన్ ఆర్‌ఎన్‌ఏ క్రిప్ట్ అంతటా, ఎల్‌జీఆర్5 కణాల్లో సహా, ఉందని తర్వాతి లెక్కల్లో బయటపడింది. పైగా 2011లో ఎల్‌జీఆర్5 కణాలను పనిగట్టుకుని చంపినా పేగు కొంతకాలం మామూలుగానే నడిచింది, వేరే కణాలు ఆ స్థానంలోకి వచ్చాయి. అందుకే నాకు అనిపిస్తుంది, మూలకణం అన్నది ఆ కణం చేసే పనికి పేరు. ఏ జీన్ ఉందన్నది ఆ పని చేసేవాళ్లను వెతకడానికి సాయం, అంతే.

ఓఎల్‌ఎఫ్‌ఎం4 అనే జీన్‌ను కూడా ఒకసారి గుర్తుచేసుకో. ఎలుక చిన్నపేగులో, మనుషుల పెద్దపేగులో బాగా పనికొచ్చే మార్కర్, ఎలుక పెద్దపేగులో కనిపించదు. మీ జీన్‌ను కూడా ఒక్క చోట చూసి అన్నిచోట్లా ఇంతే అని రాయకండి.

కొత్త ఎలుకలు తయారుచేయడానికి చాలా టైమ్ పడుతుందని మీ గైడ్ అంటారు, నిజమే. ఈలోగా ఆ జీన్ ఉన్న కణాలను వేరుచేసి ఒక్కొక్కటీ ఆర్గనాయిడ్‌గా, అంటే డిష్‌లో చిన్న అవయవంలా, పెరుగుతుందేమో చూడొచ్చు. 2009లో తోషిరో సాటో ఒక్క ఎల్‌జీఆర్5 కణం నుంచి క్రిప్ట్‌లు, విల్లస్ భాగాలు ఉన్న చిన్న పేగునే పెంచాడు. కానీ డిష్‌లో పెరగడం ఆ కణం ఏం చేయగలదో చెబుతుంది, ఒంట్లో రోజూ ఏం చేస్తోందో చెప్పదు. ఆ తేడా పేపర్‌లో స్పష్టంగా రాయండి. అప్పటిదాకా "క్రిప్ట్ అడుగు కణాల్లో కనిపించే జీన్" అని రాస్తే మీ పనికి వచ్చే లోటేమీ లేదు.

మీ గైడ్‌తో మాట్లాడి ఏమన్నారో రాయి. ఆదివారం ఫోన్ చేస్తే నాన్న కూడా ఉంటారు. టెన్షన్ పెట్టుకోకుండా వేళకు తిను.

ప్రేమతో,
అమ్మ