లేత్ దుకాణాల పనితనానికి వారసులు కావాలి

సంపాదక మహాశయులకు నమస్కారం.

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పరిశ్రమల గురించి ఎవరు రాసినా నెల్లిమర్ల జూట్ మిల్లు, గరివిడి ఫెర్రో అల్లాయ్స్, మూతపడిన ఆమదాలవలస చక్కెర ఫ్యాక్టరీ, పలాస జీడిపప్పు ప్రస్తావనకు వస్తాయి. బొబ్బిలి వీణకు, పొందూరు ఖద్దరుకు, బుడితి ఇత్తడి సామానుకు కూడా తగిన గౌరవమే దక్కుతోంది. అయితే మిల్లు ఆగిపోయిన రాత్రి విరిగిన షాఫ్టునో (తిరిగే ఇరుసు), అరిగిన గన్‌మెటల్ బుష్షునో (ఇరుసు చుట్టూ ఉండే లోహపు తొడుగు) గోనెసంచిలో చుట్టుకుని మనిషి ఏ గుమ్మం ముందుకు వచ్చి నిలబడతాడో, లోహపు ముక్కను తిప్పుతూ కోసే లేత్ మిషన్లున్న ఆ చిన్న దుకాణాల గురించి మాట్లాడేవారు లేరు. విజయనగరంలో మా తాతగారు పెట్టిన అటువంటి దుకాణాన్ని మూడో తరంగా నడుపుతున్నవాణ్ణి కనుక, నాకు తెలిసిన నాలుగు మాటలు మీ పాఠకుల ముందు ఉంచుతున్నాను.

తాతగారి రోజుల్లో ఒక్కటే మోటారు, పైకప్పు కింద పొడవాటి షాఫ్టు, దాని నుంచి లేత్‌కూ డ్రిల్లింగ్ మిషనుకూ దిగిన తోలు బెల్టులు ఉండేవి. నేను పని నేర్చుకున్నది నాన్నగారి దగ్గర. ఆయన నాకు మొదటగా నేర్పింది ఇనుము కోయడం కాదు, ఆగడం. కట్ పూర్తయి లేత్ ఆపగానే నేను ఆత్రంగా మైక్రోమీటరు (సన్నటి కొలతలు తీసే పరికరం) అందుకుంటే, "జాబు చల్లారనీరా, అప్పుడు కొలుద్దువు గాని" అని చేయి పట్టుకునేవారు. జాబు అంటే మా భాషలో కోస్తున్న ముక్క.

అది చాదస్తం కాదని తర్వాత లెక్క వేసి చూసుకున్నాను. 50 మిల్లీమీటర్ల షాఫ్టు మీద బేరింగు (షాఫ్టు సులువుగా తిరిగేలా మోసే చక్రం) బిగువుగా కూర్చోవడానికి సాధారణంగా ఇచ్చే, కె6 అని పిలిచే కొలతల హద్దు ప్రకారం, సైజు 50.002కు తగ్గకూడదు, 50.018 దాటకూడదు. ఈ రెంటి నడుమ ఉన్న చోటు మిల్లీమీటరులో వెయ్యింట పదహారు వంతులు, అంటే తల వెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండదు. ఉక్కు మీటరు పొడవుకు, ఒక్కొక్క డిగ్రీకి, మిల్లీమీటరులో వెయ్యింట పదకొండు పన్నెండు వంతులు పెరుగుతుంది. ఆ లెక్కన మైక్రోమీటరు కంటే 30 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్న షాఫ్టు దాదాపు పదిహేడు వంతులు లావెక్కి ఉంటుంది. వేడి మీద కొలిచి సరిపోయిందని సంతోషించిన షాఫ్టు, చల్లారేసరికి హద్దు దాటి సన్నబడిపోతుందన్న మాట. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలని 1931లో అంతర్జాతీయంగా నిర్ణయించారు. మే నెలలో విజయనగరంలో రేకుల షెడ్డు కింద 20 డిగ్రీలు దొరికే మాట లేదు. కాని ఉక్కు జాబునూ ఉక్కు మైక్రోమీటరునూ పక్కపక్కనే ఉంచి రెండూ ఒకే వేడిమికి వచ్చేదాకా ఓపిక పడితే, రెండూ ఒకే పాళ్లలో పెరిగి ఉంటాయి కాబట్టి తేడా చాలామట్టుకు కొట్టుకుపోతుంది. నాన్నగారు దీన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు. తాతగారు చేస్తుండగా చూసి నేర్చుకున్నారు.

మా దుకాణానికి ఉన్న రెండో నియమం చెప్పడానికి కొంచెం కష్టంగా ఉంటుంది, ఎందుకంటే అది నా తప్పుతో ముడిపడి ఉంది. కోతల రోజుల్లో ఒక రైసు మిల్లు షాఫ్టు మీద బేరింగు కూర్చునే చోటును, అంటే సీటును, కొద్దిగా ఎక్కువ కోసేశాను. అటువంటప్పుడు సెంటర్ పంచ్‌తో (మొన ఉన్న ఉక్కు కడ్డీ) చుట్టూ చుక్కలు కొట్టి, ఉబికిన లోహం మీద బేరింగును బిగువుగా ఎక్కించడం చాలాచోట్ల జరిగే పనే. చూడ్డానికి బిగిసినట్టే ఉంటుంది. కాని బేరింగును మోసేది ఆ చుక్కల అంచులే కనుక, కొద్ది రోజులకే అవి నలిగి సీటు వదులైపోతుంది. మిల్లు యజమాని బయట బల్ల మీద కూర్చుని ఎదురుచూస్తున్నా, నాన్నగారు ఆయనకు ఉన్నమాట చెప్పి, కొత్త రాడ్డు తెప్పించి, తెల్లవారేలోగా తానే ఇంకో షాఫ్టు చేసి ఇచ్చారు. పాడైన రాడ్డు ఖరీదు ఆయనకు వేయలేదు. ఆ కుటుంబం ఇప్పటికీ మా దగ్గరికే వస్తుంది.

కంప్యూటరు నడిపే సిఎన్‌సి మిషన్లు వచ్చాక ఈ దుకాణాల అవసరం ఏముందని కొందరు అడుగుతున్నారు. డ్రాయింగు ఉండి, ఒకేరకం ముక్కలు వేలకొద్దీ కావలసినప్పుడు ఆ మిషనుకు సాటి లేదు. మా దగ్గరికి వచ్చేది ఒకే ఒక్క ముక్క, అదీ అరిగిపోయింది, డ్రాయింగు లేనిది. అది పుట్టినప్పుడు ఏ సైజులో ఉండేదో అరగని అంచును బట్టి, జోడీ ముక్కను బట్టి మనిషే ఊహించాలి. దాని మీది మర (స్క్రూ చుట్టు) కోణం విట్‌వర్త్ రకం 55 డిగ్రీలదా, మెట్రిక్ రకం 60 డిగ్రీలదా అన్నది గేజీ పెట్టకముందే నాన్నగారు గోటితో తడిమి చెప్పేవారు. ఆ విట్‌వర్త్ మరను 1841లో ప్రతిపాదించిన జోసెఫ్ విట్‌వర్త్ కూడా లండన్‌లో యంత్రాలు చేసే హెన్రీ మాడ్‌స్లే దుకాణంలో పనిచేసినవాడే. ఈ విద్య అప్పుడూ ఇప్పుడూ ఒక దుకాణం నుంచి ఇంకో దుకాణానికి చేతుల మీదుగానే సాగుతోంది.

నా దిగులు అక్కడే. మా అబ్బాయి వేరే ఉద్యోగంలో స్థిరపడ్డాడు, అందుకు నాకు బాధ లేదు. ఐటీఐలో రెండేళ్ల టర్నర్ (లేత్ పని) కోర్సు చదివిన పిల్లలు ఉన్నారు, వాళ్లకు నేర్పాలన్న కోరిక నాకు ఉంది. కాని 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద, 2019లో మార్చిన నిబంధనల ప్రకారం, కనీసం నలుగురు సిబ్బంది ఉన్న సంస్థే అప్రెంటిస్‌ను తీసుకోవడానికి అర్హమైనది. మా దుకాణంలో నాతో కలిపి ముగ్గురం. మన ఊళ్లలోని లేత్ దుకాణాలు చాలావరకు ఇంతే. కాబట్టి మా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడికి చట్టబద్ధమైన స్టైపెండు గాని, సర్టిఫికెట్టు గాని దక్కవు. ఏ తల్లిదండ్రులైనా అలాంటి చోటికి పిల్లవాణ్ణి ఎందుకు పంపుతారు?

అదే చట్టంలో, పలువురు యజమానులు కలిసి అప్రెంటిస్‌లను తమ తమ సంస్థల మధ్య మారుస్తూ శిక్షణ ఇచ్చే వీలు కూడా ఉంది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పరిశ్రమల కేంద్రాలు ఐదారు దుకాణాలను ఒక జట్టుగా చేర్చి, వాటన్నిటి సిబ్బందినీ కలిపి లెక్కించేలా పై అధికారులకు ప్రతిపాదన పంపాలని కోరుతున్నాను. ఒక దుకాణంలో మర కోయడం, ఇంకోచోట గేరు పళ్లు తీయడం, మరోచోట బుష్షు బోరింగు (లోపలి రంధ్రాన్ని సైజుకు కోయడం) నేర్చుకునేలా ఏర్పాటు చేయవచ్చు. అటువంటి జట్టు ఏర్పడితే మొదటి కుర్రాణ్ణి తీసుకోవడానికి మా దుకాణం సిద్ధంగా ఉంది. తాతగారి మైక్రోమీటరు ఇంకా సున్నా తప్పకుండా పనిచేస్తోంది.

ఇట్లు,
ఒక లేత్ దుకాణం యజమాని,
విజయనగరం.