ఏడు సొరంగాలు దాటి

కొలంబస్, ఒహాయో
ఫిబ్రవరి 8, 2026

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేం నలుగురం క్షేమం. అమ్మకు మోకాలి నొప్పి కాస్త తగ్గిందని అక్క చెప్పింది. అయినా మెట్లెక్కడం మాత్రం తగ్గించమనండి.

పోయిన ఆదివారం ఫోన్లో మీరు "నిజం చెప్పరా, ఉద్యోగం పోయిందా?" అని అడిగారు. పక్కన పిల్లలున్నారని "అదేం లేదు నాన్నగారూ" అనేసి మాట మార్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆరు నెలలుగా ఆ అనుమానం మనసులో పెట్టుకుని పైకి అనకుండా ఉన్నారన్నమాట. ఫోన్లో అయితే సగం చెప్పి సగం మింగేస్తాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను. అమ్మకు మీరే చదివి వినిపించండి.

ఉద్యోగం పోలేదు. నేనే మానేసి వచ్చాను.

న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఏసీ పనికి నాకు గంటకు 31 డాలర్లు ఇచ్చేవారు. మంచి జీతమే. కానీ రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటుకు అద్దె 2,450. వారానికి నలభై గంటల లెక్కన, నెలలో మొదటి రెండు వారాలు నేను కష్టపడిందంతా అద్దెకే సరిపోయేది. ఇంకా పన్నులు పోవాలి, రెండు కార్ల ఇన్సూరెన్స్ కట్టాలి, పనికి వెళ్ళొచ్చే దారిలో టోల్ కట్టాలి. ఏటా అద్దె ఒప్పందం కాగితం వచ్చే రోజున మీ కోడలూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. తను గోడౌన్‌లో రాత్రి షిఫ్టు ప్యాకింగుకు వెళ్ళేది. నేను సాయంత్రం ఇంటికొచ్చేసరికి తను బయల్దేరేది. పిల్లలు మా ఇద్దర్నీ ఒకేచోట చూసింది ఆదివారాలే.

పోయిన ఏడాది మార్చిలో పెద్దాడు బడి నుంచి ఏదో కాగితం తెచ్చాడు, ట్రిప్పుకు డబ్బులు కట్టాలని. తెచ్చి నాకివ్వలేదు. బ్యాగులోనే దాచేశాడు. గడువు దాటాక మీ కోడలికి దొరికింది. "కట్టలేమని తెలుసు కదమ్మా" అన్నాడట. పన్నెండేళ్ళ వాడు ఆ లెక్క వేసుకున్నాడంటే ఇక ఆ ఊళ్ళో ఉండకూడదని ఆ రోజే అనుకున్నాను.

అక్కకు చెప్పడమే కష్టమైంది. నన్ను అమెరికా రప్పించుకోవడానికి పిటిషన్ వేసి పదిహేనేళ్ళు ఎదురుచూసింది కదా. మేం 2019లో దిగినప్పుడు ఆరు నెలలు తన ఇంట్లోనే పెట్టుకుంది. "తమ్ముడు పక్క వీధిలో ఉంటాడనే కదరా తెచ్చుకున్నాను" అని ఏడ్చింది. బావగారు మాత్రం కాగితం తీసుకుని నా జీతం, ఖర్చులు అన్నీ రాయించుకుని, కాసేపు చూసి, "వెళ్ళవోయ్" అన్నారు. ఆ మాట ఆయన అనకపోతే నాకు ధైర్యం చాలేది కాదేమో.

కొలంబసే ఎందుకని అడిగారు. స్నేహితులు డాలస్ రమ్మన్నారు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, నిజమే. కానీ అక్కడ ఇంటి పన్ను ఎక్కువ, పైగా ఆ ఎండల్లో అటకలెక్కి ఏసీ పని చేయాలి. నాకు నలభై రెండొచ్చాయి, ఇంకో ఇరవై ఏళ్ళు ఈ పని చేయాలి, ఒళ్ళు చూసుకోవాలి కదా. ఒహాయోలో ఏడాదికి రెండు సీజన్లు: వేసవిలో ఏసీ, చలికాలంలో ఇల్లు వేడి చేసే ఫర్నేస్. పని ఆగదు. న్యూ ఆల్బనీ అని దగ్గర్లో ఉంది, అక్కడ గూగుల్, మెటా, అమెజాన్ డేటా సెంటర్లున్నాయి. అన్ని కంప్యూటర్లను చల్లగా ఉంచడానికి మాలాంటి వాళ్ళే కావాలి. ఇంటెల్ కూడా 2022లో పెద్ద చిప్ ఫ్యాక్టరీ ప్రకటించింది. అది 2030 దాకా వాయిదా పడింది కాబట్టి దాన్ని నమ్ముకుని మాత్రం రాలేదు.

నాకున్న 608 సర్టిఫికెట్, అంటే ఏసీ గ్యాసు ముట్టుకోవాలంటే ఉండాల్సిన కార్డు, కేంద్రం నిబంధన కిందది. దేశమంతా చెల్లుతుంది, గడువు లేదు. అది నా జేబులో లేకపోతే ఈ వయసులో రాష్ట్రం మారే సాహసం చేసేవాణ్ణి కాదు. సొంతంగా కాంట్రాక్టు లైసెన్సు కావాలంటే మాత్రం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రమే.

జులై ఆఖర్లో బయల్దేరాం. ఇక్కడ బడులు ఆగస్టు మధ్యలోనే తెరుస్తారు, న్యూజెర్సీలోలా సెప్టెంబరు దాకా ఆగరు. అద్దె లారీలో సామాను వేసుకుని నేను ముందు, కారులో మీ కోడలు వెనక. చిన్నది నా పక్కన కూర్చుంది. పెన్సిల్వేనియా కొండల్లో రోడ్డు సొరంగాల్లోంచి పోతుంది. మొదటి రెండూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, అప్పట్నుంచి లెక్క మొదలెట్టింది. నాలుగు దాటాక దారి మళ్ళి పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. 1970ల్లో కట్టిన గుడి, కొండమీద ఉంటుంది. ఆ లారీతో పైకి ఎక్కుతుంటే గుండె దడదడలాడింది. దర్శనం చేసుకుని పులిహోర ప్రసాదం తిని మళ్ళీ బయల్దేరాం. పిట్స్‌బర్గ్ ఊరు దాటేలోపు ఇంకో రెండు, తర్వాత వీలింగ్ దగ్గర ఒకటి. అది దాటి ఒహాయో నది వంతెన ఎక్కుతుంటే చిన్నది "నాన్నా, మొత్తం ఏడు! ఏడుకొండలవాడికి ఏడు సొరంగాలు" అంది. నేను వెంటనే ఏమీ అనలేకపోయాను.

వచ్చాక అంతా సాఫీగా సాగలేదు, అది కూడా చెప్పాలి. మొదట చేరిన కంపెనీలో గంటకు 29 ఇస్తామని ఫోన్లో అన్నారు. తీరా మొదటి జీతం చూస్తే 25. అడిగితే, ట్రైనింగు అయ్యాక పెంచుతామన్నారు. ఆ ట్రైనింగు ఎన్నాళ్ళో చెప్పరు. వాళ్ళన్న మాట ఎక్కడా కాగితం మీద లేదు, తప్పు నాదే. ఆరు వారాలు చేసి, ఈలోపు వేరేచోట మాట్లాడుకుని మారాను. ఇప్పుడున్నచోట 28. కాగితం మీద సంతకం చేయించుకున్నాకే వెళ్ళాను.

రెండోది సిటీ ట్యాక్స్. రాష్ట్రం పన్ను కాక, కొలంబస్ నగరం జీతం మీద రెండున్నర శాతం పట్టుకుంటుంది. ఎడిసన్‌లో ఇలాంటిది లేదు. నలభై గంటలు పని చేస్తే సరిగ్గా ఒక గంట కూలి నగరానికి. ముందే ఎవరైనా చెప్పి ఉంటే లెక్కలో వేసుకునేవాణ్ణి. మొదటి పే స్లిప్ చూసినప్పుడు చాలా టెన్షన్ పడ్డాను.

అయినా అన్నీ కలిపి చూస్తే, ఇక్కడ అద్దె 1,425. టోల్ రోడ్లు లేవు, ఇన్సూరెన్స్ దాదాపు సగానికి తగ్గింది. జీతం గంటకు మూడు డాలర్లు తగ్గినా, నెలకు ఆరు వందల డాలర్ల పైచిలుకు చేతిలో ఉంటోంది. మారడానికైన ఖర్చు పోను, క్రెడిట్ కార్డు బాకీ సగం తీరింది. మీ కోడలికి అక్టోబరులో బడి వంటశాలలో పని దొరికింది. పిల్లలతోపాటే వెళ్ళి పిల్లలతోపాటే వస్తుంది. రాత్రి నలుగురం కలిసి అన్నం తింటున్నాం నాన్నగారూ. ఈ ఒక్క మాట అమ్మకు రెండుసార్లు చదవండి.

మీతో పని గురించి కూడా చెప్పాలి. చేతికి నూనె మరకలు అంటని ఉద్యోగం చేయాలని నన్ను డిప్లొమా చదివించారు. వైండింగ్ షాపులో కూర్చోనిచ్చేవారు కాదు. సెలవుల్లో దొంగతనంగా వచ్చి చూసేవాణ్ణి. పొలాల నుంచి తెచ్చిన మోటార్ల మీద మీరు స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవారు. "వెనక బేరింగు పోయింది" అనేవారు. విప్పితే అదే.

పోయిన నెలాఖరున ఇక్కడ సున్నాకు పదిహేను డిగ్రీల కింద చలి. రాత్రి తొమ్మిదింటికి ఒక పెద్దాయన ఇంటికి పంపారు. ఒంటరి మనిషి, ఇంట్లోనే కోటు, టోపీ వేసుకుని కూర్చున్నారు. బేస్‌మెంట్లో ఫర్నేస్ వెలుగుతుంది, నాలుగు సెకన్లకు ఆరిపోతుంది, మళ్ళీ వెలుగుతుంది, ఆరుతుంది. మూడుసార్లయ్యాక ఇక మొరాయించేది. మంటలో పెన్సిల్ ములుకంత సన్నటి కడ్డీ ఒకటి ఉంటుంది, ఫ్లేమ్ సెన్సర్ అంటారు. మంట ద్వారా దాంట్లోకి అతి కొద్దిగా కరెంటు పారితేనే మిషన్ మంట ఉందని నమ్ముతుంది. కడ్డీ మీద పొర పట్టేస్తే ఆ కరెంటు ఆగి, మంట లేదనుకుని గ్యాసు కట్టేస్తుంది. ఒక్క స్క్రూ విప్పి, కడ్డీని బయటికి తీసి, సన్నటి ఎమరీ పేపరుతో మెల్లగా రుద్ది పెట్టాను. మంట నిలిచింది. పావుగంట పని. కానీ బ్లోయర్ తిరుగుతుంటే ఏదో సన్నగా కీచుమంటోంది. స్క్రూడ్రైవరు తీసి మోటారు మీద ఆనించి చెవికి పెట్టుకున్నాను. బేరింగే. వచ్చే చలికాలం దాకా ఆగదని చెప్పాను. ఆయన మెట్లమీద నిలబడి చూస్తూ "ఇది ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నారు. మా నాన్న దగ్గర అన్నాను. ఆయన టోపీ తీసి పక్కన పెట్టి, మీరు ఏం పని చేసేవారో, ఎన్నేళ్ళు చేశారో అడిగి అడిగి తెలుసుకున్నారు. బయటికొచ్చాక వ్యాన్‌లో కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

లోటు లేదని అనను. ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డుకెళ్తే మన వీధిలో ఉన్నట్టే ఉండేది. ఇక్కడ అలాంటి వీధి లేదు. దగ్గర్లో పావెల్ అనే ఊళ్ళో గుడి ఉంది, ఆదివారం వెళ్తే నలుగురు తెలుగువాళ్ళు పలకరిస్తారు. సంక్రాంతికి అక్క లేకుండా ఇంట్లో మొదటిసారి. మీ కోడలు అరిసెలు చేద్దామని పాకం పట్టి, సరిగ్గా కుదరక పొయ్యి ఆపేసి కూర్చుంది. అక్క వీడియోలో చూస్తూ చెప్పింది, రెండో వాయి బాగా వచ్చింది. పెద్దాడు పాత స్నేహితులను తలచుకుంటాడు. వాడికి ఇంకొంత కాలం పడుతుంది.

బాబాయిగారి అబ్బాయి కాలిఫోర్నియా నుంచి టెక్సాస్ మారదామనుకుంటున్నాడని విన్నాను. మీకు ఫోన్ చేసినప్పుడు చెప్పండి: జీతం కాగితం మీద రాయించుకోమనండి. ఎంత వస్తుందన్నది కాదు, అద్దె, ఇన్సూరెన్స్, ఊరి పన్నులు పోయాక ఎంత మిగులుతుందో చూసుకోమనండి. వాడి లారీ డ్రైవింగ్ లైసెన్సు ముప్ఫై రోజుల్లో కొత్త రాష్ట్రానికి మార్చుకోవాలి, మర్చిపోవద్దనండి. చేతిలో కనీసం మూడు నెలల ఖర్చు ఉంచుకుని కదలమనండి. నా దగ్గర అంత లేక మొదటి కంపెనీలో ఆరు వారాలు నోరు మూసుకోవాల్సి వచ్చింది.

మే నెలలో మీరిద్దరూ రండి. ఇక్కడ మేమున్న ఇంట్లో ఒక గది కిందే ఉంది, అమ్మ మెట్లెక్కక్కర్లేదు. నెవార్క్‌లో దిగి పది రోజులు అక్క దగ్గర ఉండండి, తన మనసూ కుదుటపడుతుంది. తర్వాత నేను కారులో వచ్చి తీసుకొస్తాను. షాపు బల్ల సొరుగులో తీగ మందం కొలిచే మీ వైర్ గేజు ఉంటుంది, ఇత్తడిది, దాన్ని మర్చిపోకుండా తెండి. దారిలో పిట్స్‌బర్గ్‌లో దర్శనం చేసుకుందాం. ముందు సీటు మాత్రం అడక్కండి. చిన్నది తాతయ్యకు సొరంగాలు లెక్కపెట్టి చూపించడానికి ఇప్పట్నుంచే దాన్ని తనకు రాయించుకుంది.

మీ అబ్బాయి