రెండు గంటలు ఎందుకు ఊరుకున్నానంటే

ఒరేయ్ సుబ్బూ,

నా ఉద్యోగం ఊడిందని గుంటూరులో చెప్పుకుంటున్నారటగా. మా బావమరిది నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి కూడా వాడికి చెప్పడం నాదే బుద్ధితక్కువ. ఊడలేదురా. జీతం కూడా కొయ్యలేదు. కానీ కంపెనీ డబ్బు పోయిన మాట నిజం, నా చేతుల మీదుగా పోయిన మాట కూడా నిజం. ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో మిర్చి యార్డుకి లారీ వచ్చిందని పెట్టేస్తావు, వాట్సాప్‌లో పొడుగ్గా రాస్తే బొటనవేలు బొమ్మ ఒకటి పడేస్తావు, అందుకే ఆదివారం పూట అన్నీ మానేసి కూర్చుని రాస్తున్నా. ఆఫీసుకి సంజాయిషీ రాస్తున్నాననుకుంటోంది మా ఆవిడ.

మాది పీణ్యలో మెషిన్ విడిభాగాల కంపెనీ అని తెలుసుగా. బెంగళూరు అనగానే మీకందరికీ వైట్‌ఫీల్డ్ గాజు మేడలే గుర్తొస్తాయి గానీ, ఇక్కడ సందు సందుకీ మాలాంటి రేకుల షెడ్లేరా. ఆఫీసులో పాతిక మందిమి. ఐటీ డిపార్ట్‌మెంట్ అంటే ఒక్క కుర్రాడు, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా వాడే, సీసీ కెమెరా ఆగినా వాడే.

సెప్టెంబర్‌లో ఒక శుక్రవారం సాయంత్రం, 5 కావడానికి పది నిమిషాలుందనగా కోయంబత్తూరు నుంచి మెయిల్ వచ్చింది. మాకు కాస్టింగులు (పోత పోసిన భాగాలు) పంపేవాళ్ల దగ్గర్నుంచి. కొత్త మెయిల్ అయితే అనుమానం వచ్చేదేమో, అది నెల రోజులుగా నడుస్తున్న పాత మెయిల్స్ కిందే జవాబులా వచ్చింది. పీఓ (పర్చేజ్ ఆర్డర్) నంబరు సరిగ్గా ఉంది. బిల్లు మొత్తం సరిగ్గా ఉంది, 18 లక్షల 40 వేలు. "ఆడిట్ జరుగుతోంది, ఈ ఒక్కసారికి మా సిస్టర్ కన్సర్న్ ఖాతాలో వెయ్యండి, ఇవాళ పడకపోతే సోమవారం లోడు కదలదు" అని ఉంది. సిస్టర్ కన్సర్న్ అంటే వాళ్లదే ఇంకో కంపెనీ. లెటర్‌హెడ్ మీద ఖాతా వివరాలు, కింద రబ్బరు స్టాంపు, సంతకం. ఆ లోడు రాకపోతే మా షాపు ఫ్లోర్‌లో మూడు మెషిన్లు ఆగిపోతాయని దొంగకి ఎలా తెలుసంటావా? వస్తున్నా ఆగు.

ఇప్పుడు బ్యాంకు పోర్టల్‌లో కొత్త ఖాతా ఎక్కించేటప్పుడు ఆ ఖాతా ఎవరి పేరు మీదుందో చూసుకోవచ్చు, 2025 ఏప్రిల్‌ కల్లా ఆర్‌టీజీఎస్‌కీ నెఫ్ట్‌కీ ఆ సదుపాయం పెట్టాలని రిజర్వ్ బ్యాంకు అన్ని బ్యాంకులకీ చెప్పింది. నేను చూశాను కూడా. వేరే పేరే వచ్చింది. సిస్టర్ కన్సర్న్ అన్నాడుగా, వేరే పేరు కాక ఇంకేం వస్తుందిలే అనుకున్నా. అంటే నాకు రాబోయే అనుమానానికి వాడు ముందే జవాబు రాసి పెట్టాడన్నమాట. మేకర్‌ని నేను (పేమెంట్ ఎక్కించేవాణ్ని), చెకర్ (దాన్ని ఒప్పుకునేవాడు) మా ఫైనాన్స్ మేనేజరు, ఆయనేమో ఏదో పెళ్లి రిసెప్షన్‌లో భోజనాల వరసలో నిలబడి ఫోన్‌లోనే అప్రూవ్ కొట్టేశాడు. 5.40కి డబ్బు వెళ్లిపోయింది.

పీణ్య ఇండస్ట్రీ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, ఏదో తోచక ఫోన్‌లో ఆ మెయిల్ మళ్లీ తెరిచా. ఫోన్‌లో పంపినవాడి పేరే కనిపిస్తుంది, దాని మీద నొక్కితే గానీ అడ్రస్ రాదు. నొక్కా. వాళ్ల కంపెనీ పేరు మధ్యలో ఇంగ్లిష్ ఎమ్ ఉండాలి. అక్కడ ఎమ్ లేదురా. ఆర్, ఎన్ రెండూ పక్కపక్కన ఉన్నాయి. చిన్న అక్షరాల్లో రాస్తే అచ్చం ఎమ్ లాగే కనిపిస్తాయి, కావాలంటే నీ ఫోన్‌లో రాసి చూడు. రెండు వేళ్లతో పెద్దది చేసి చూశా, మూసేసి మళ్లీ తెరిచి చూశా. యశ్వంతపుర వచ్చేసింది, తలుపులు మూసుకోబోతుంటే దిగా.

ఇక అసలు సంగతి ఇక్కడుంది. మా ఆవిడకి కూడా ఇంతవరకూ చెప్పలేదు. అప్పుడు టైము 7.15. ఎండీకి ఫోన్ చేశానా? చెయ్యలేదు. మత్తికెరె దారిలో రోజూ కాఫీ తాగే దర్శిని హోటల్లోకి వెళ్లి, అలవాటు కొద్దీ బై-టూ కాఫీ చెప్పా. పక్కన ఎవరూ లేరు. రెండు గ్లాసులు ముందు పెట్టి వాడు వెళ్లిపోయాడు, ఆ రెండో గ్లాసు చల్లారేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డా. ఏమేం ఆలోచించానో చెబితే నవ్వుతావు. సోమవారం కోయంబత్తూరు వాళ్లు నిజంగా అదే ఖాతా అంటారేమో. మేనేజరు కూడా అప్రూవ్ చేశాడు కదా, నా ఒక్కడి తప్పు ఎలా అవుతుంది. ఇరవయ్యేళ్ల సర్వీసులో పైసా తేడా రానివాడిని, నన్ను ఎలా చూస్తారు. అదొక్కటే తిప్పితిప్పి. డబ్బు గురించి కాదురా, నా మొహం గురించి.

9.30కి చేశా. ఎండీ ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత కన్నడలో, "తిట్టడం రేపు తిడతా, ముందు ఫోన్ పెట్టి 1930కి చెయ్" అన్నాడు. (తిట్టాడు కూడా, మాట తప్పే మనిషి కాదు.) 1930 అంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్. అక్కడ యూటీఆర్ నంబరు (పంపిన డబ్బుకి బ్యాంకు ఇచ్చే గుర్తు నంబరు), ఏ ఖాతాలోంచి ఏ ఖాతాకి, ఎన్ని గంటలకి, అంతే అడుగుతారు, అవి చేతిలో పెట్టుకుని చెయ్యాలి. వాళ్లు అవతలి బ్యాంకుకి కబురు పెట్టి ఉన్న డబ్బుని అక్కడే ఆపిస్తారు. మర్నాడు సెన్ పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం, సైబర్, ఆర్థిక, మత్తుమందుల కేసులకి ఇక్కడ విడిగా స్టేషన్లున్నాయిలే. మా డబ్బు పడిన ఖాతా ఎవరో డిగ్రీ కుర్రాడిదట, కొన్ని వేలకి ఖాతానీ సిమ్ కార్డునీ అద్దెకిచ్చాడు. కొన్నాళ్లకి స్టేట్‌మెంట్ వచ్చాక ఎస్సై నాకే చూపించాడు. 7.50కి ఆ ఖాతాలో ఇంకా 11 లక్షలున్నాయి. నేను కాఫీ గ్లాసు చూస్తున్న టైము అది. చివరికి ఆగింది 5 లక్షల 70 వేలు, అది తిరిగి రావాలన్నా కోర్టు ఆర్డరు కావాలి, తిరుగుతున్నాం.

దొంగకి మా సంగతులన్నీ ఎలా తెలిశాయంటే, వాడు ఆరు వారాలుగా మా పర్చేజ్ మేనేజర్ మెయిల్‌లో కాపురం ఉన్నాడు. ఈయనకి ఆగస్టులో ఎవరో డ్రాయింగు షేర్ చేశారని లింకు వచ్చింది, నొక్కితే మామూలుగా రోజూ చూసే లాగిన్ పేజీ, పాస్‌వర్డ్ కొట్టాడు, తెల్ల పేజీ వచ్చింది. అంతే. వాడు లోపలికొచ్చి ఏమీ దొంగిలించలేదు, ఏమీ చెరపలేదు, మెయిల్‌లో ఒక రూల్ పెట్టుకుని ఊరుకున్నాడు. ఇన్వాయిస్, పేమెంట్ అనే మాటలున్న ప్రతి మెయిలూ ఒక కాపీ వాడికి పోతుంది. కూర్చుని చదువుకున్నాడు. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఏ లోడు ఎప్పుడు రావాలి, ఎవరు ఎవరిని సార్ అంటారు, అన్నీ. తెల్ల పేజీ రాగానే మేనేజరుకి గుండె గుభేల్మందట, ఆయనే చెప్పాడు నాతో. ఐటీ కుర్రాడు "అంకుల్‌కి కంప్యూటర్ రాదు" అని క్యాంటీన్‌లో చెప్పుకుంటాడని నోరు మూసుకున్నాడు. ఆయనది ఆరు వారాలు, నాది రెండు గంటలు. తేడా అంతే.

దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు ఇప్పుడు మాకు శిక్షణా తరగతులు. వచ్చిన కన్సల్టెంట్ మంచోడే, కథలు బాగా చెప్పాడు, నేనూ రాత్రిళ్లు కూర్చుని చదివా. 2016లో బంగ్లాదేశ్ సెంట్రల్ బ్యాంకు నుంచి 8 కోట్ల 10 లక్షల డాలర్లు లేపేసినవాళ్లు మొదలుపెట్టింది గురువారం రాత్రి. ఢాకాలో శుక్రవారం సెలవు, వాళ్ల డబ్బు దాచిన న్యూయార్క్‌లో శని ఆదివారాలు, డబ్బు దిగిన మనీలాలో సోమవారం చైనా కొత్త సంవత్సరం. ముహూర్తం పెట్టుకుని మరీ దోచారురా, నాకు శుక్రవారం సాయంత్రం మెయిల్ రావడం కూడా ఊరికే కాదన్నమాట. అందులో ఇంకో 2 కోట్ల డాలర్లు ఆగిపోయాయి, ఎందుకో తెలుసా, ఫౌండేషన్ అనే మాట స్పెల్లింగ్ తప్పు రాశారు. ఇప్పటి దొంగలకి ఆ తప్పులు కూడా రావు, ఏఐతో రాయించుకుంటున్నారు, నాకొచ్చిన మెయిల్‌లో ఇంగ్లిష్ నా ఇంగ్లిష్ కంటే బాగుంది.

వీడియో కాల్‌లో చూసి పంపుతాలే అనుకుంటావేమో. హాంకాంగ్‌లో అరప్ అనే పెద్ద ఇంజినీరింగ్ కంపెనీ ఉద్యోగికి ముందు మెయిల్ మీద అనుమానమే వచ్చింది. తర్వాత వీడియో మీటింగ్‌లో పెద్ద ఆఫీసరూ, తెలిసిన కొలీగ్సూ కనబడి మాట్లాడారు, దాంతో నమ్మి 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశాడు. ఆ మీటింగ్‌లో ఉన్న మొహాలన్నీ నకిలీవే. 2024లో బయటపడింది. ఉబర్‌లో 2022లో ఇంకోలా జరిగింది. లాగిన్ మీరేనా అని ఒక కాంట్రాక్టు మనిషి ఫోన్‌కి అదే పనిగా నోటిఫికేషన్లు కొట్టి, విసిగించి, పైగా వాట్సాప్‌లో నేను ఐటీ నుంచి, ఒప్పుకుంటే ఆగిపోతాయి అన్నాడట దొంగ. ఇతను ఒప్పుకున్నాడు. నేనైనా ఒప్పుకుంటా, రోజుకి ఎన్ని ఓటీపీలు కొడుతున్నాం మనం.

కన్సల్టెంట్ చేసిన ఒక్క పని మాత్రం నాకు ఒంటికి పడలేదు. దీపావళి బోనస్ లిస్టు అని ఉత్తుత్తి మెయిల్ పంపి, ఎవరు నొక్కారో చూసి, వాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టించాడు. బోనస్ అంటే నొక్కరా మరి? స్టోర్స్‌లో ఒకావిడ ఏడ్చింది. నేను ఎండీ గదికెళ్లి, సార్, ఈ పేర్లు ఉన్నంతకాలం రేపు నిజంగా నొక్కినవాడు మీకు చచ్చినా చెప్పడు, నేనే చెప్పలేదు అన్నా. సాయంత్రానికి తీయించాడు. ఇప్పుడు కొత్త పద్ధతేంటంటే, అనుమానం వచ్చినా, నొక్కేసినా వెంటనే చెప్పిన వాళ్లని ఏమీ అనకూడదు, దాచితేనే మెమో. పెట్టిన వారంలోనే నలుగురు వచ్చారు చెప్పడానికి. మూడు ఉత్తవే, ఒకటి నిజంగా దొంగ లింకే. ఇంకోటి కూడా తెలిసింది, ఇలా మెయిల్‌లోకి చొరబడ్డారని తెలిసిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి చెప్పాలని 2022 నుంచీ ఆదేశం ఉందట. మా ఆఫీసులో ఆ పేరు విన్నవాడే లేడు.

సరే, నీ సంగతికొద్దాం, ఎందుకంటే నీ గల్లాపెట్టె తలుచుకుంటే నాకు నిద్ర పట్టట్లేదు. మాకెవరు చేస్తార్రా, మిరపకాయల కమీషన్ కొట్టుకి అంటావు. మీ గుమాస్తా కోటేశ్వరరావు ఫోన్‌కే ఓటీపీలొస్తాయి, ట్యాలీ పాస్‌వర్డు కంప్యూటర్ మీద స్కెచ్ పెన్నుతో రాసుంటుంది, ఆ కంప్యూటర్‌లో ఇంకా విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే మందులివ్వడం, అంటే సెక్యూరిటీ అప్‌డేట్లు, ఆపేసింది. 2017 మేలో వానాక్రై అనే వైరస్ వచ్చి మన ఆంధ్రా పోలీసుల కంప్యూటర్లకే తాళం వేసింది గుర్తుందా? దానికి విరుగుడు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చేసింది. వేసుకోనివాళ్లకే తగిలింది.

నీ బ్యాకప్ పెన్‌డ్రైవ్ ఒకటుందిగా, ఎప్పుడూ కంప్యూటర్ వెనకాల గుచ్చే ఉంటుంది. అలా ఉంచితే అది బ్యాకప్ కాదురా, తాళం పడితే దానికీ కలిపే పడుతుంది. ఆ 2017లోనే జూన్‌లో మెర్స్క్ అనే ఓడల కంపెనీకి ఇలాంటిదే తగిలి ప్రపంచమంతా ఆఫీసులు ఆగిపోయాయి, ముంబయి పక్కన జేఎన్‌పీటీ రేవులో వాళ్ల టెర్మినల్‌తో సహా. నెట్‌వర్క్ మొత్తానికీ గుండెకాయ లాంటి సర్వర్లు ఊరూరా ఉండేవి, అన్నీ పోయాయి, ఒక్క ఘనా దేశంలో తప్ప. అక్కడ ఆ టైముకి కరెంటు పోయింది! ఆ ఒక్క మెషిన్లో ఉన్న కాపీతో కంపెనీని మళ్లీ నిలబెట్టుకున్నారు. కరెంటు వాళ్లని నువ్వు తిట్టే తిట్లు గుర్తొచ్చి ఒక్కణ్నే నవ్వుకున్నా. నీకు కరెంటు పోనక్కర్లేదు, రాత్రి ట్యాలీ కాపీ తీశాక పెన్‌డ్రైవ్ పీకి ఇంటికి పట్టుకుపో, చాలు. ఇలాంటివి రెండు తీసుకుని మార్చి మార్చి వాడు.

ఖాతా మారిందని ఎవడు చెప్పినా, మెయిల్‌లో ఉన్న నంబరుకి కాదు, నీ దగ్గర పాతగా ఉన్న నంబరుకి ఫోన్ చేసి గొంతు విని అడుగు. కోటేశ్వరరావుకి కూడా ఒక మాట చెప్పు, తప్పు జరిగితే అర్ధరాత్రయినా లేపమని. నువ్వేమో అతని మీద అందరి ముందూ అరుస్తావు. కిందటి సంక్రాంతికి చూశాగా, తూకం చీటీ కనబడలేదని ఎంత రభస చేశావో. అలా అరిస్తే రేపు అతను కూడా ఎక్కడో కాఫీ గ్లాసు ముందు నిలబడతాడు.

అన్నట్టు, మన స్కూలు ప్రహరీ గోడ చందాకి పాత ఖాతాలో ఏదో ప్రాబ్లమ్, దీంట్లో వెయ్యమని మొన్న బుధవారం కొత్త నంబరు పంపావు. నువ్వే పంపావో, నీ ఫోన్‌లోంచి ఇంకెవరు పంపారో నాకెలా తెలుస్తుంది? ఇవాళ రాత్రి 9కి చేస్తా, నంబరు ఒక్కో అంకే చదువు, సరిపోతే నా 5 వేలు అప్పుడే పంపుతా. లారీ వచ్చిందని మధ్యలో పెట్టేశావో, మళ్లీ చేసేదాకా గోడకి ఆ ఇటుకలు లేనట్టే.

నీ,
రాఘవ