కొండపరుగును కిలోమీటర్లలో కొలవకండి: క్రీడల మంత్రి గారికి బహిరంగ లేఖ

కర్ణాటక యువజన సాధికారత, క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఈ లేఖ కన్నడ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాం. తెలుగులో కూడా రాయడానికి కారణం ఉంది. బెంగళూరు చుట్టుపక్కల ఇలాంటి పోటీలకు పనికొచ్చే కొండలు చిక్కబళ్లాపురం, కోలారు వైపు చాలా ఉన్నాయి. అక్కడి పల్లెల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. కొండ మీద ఎవరైనా పడితే ముందుగా ఉరికొచ్చేది వాళ్లే. ఈ సంగతులు వాళ్లకూ తెలియాలి.

మేం అడిగేది చిన్నది. కొండపరుగు పోటీకి అనుమతి ఇచ్చే ముందు "ఎన్ని కిలోమీటర్లు?" అని మాత్రమే అడిగి సరిపెట్టుకోవద్దు. పోస్టర్ మీద "10 కి.మీ." అని ఉంటే చదునైన కబ్బన్ పార్కులో పదీ, అడవిబాటలో పదీ, నిటారు కొండ మీద పదీ చదివేవాళ్లకు ఒకేలా కనిపిస్తాయి. అంబులెన్సు, నీళ్లు, గడువు అన్నీ ఆ పదిని చూసే లెక్కేస్తారు. తేడా వచ్చేది అక్కడే.

ట్రెయిల్ రన్ అంటే తారురోడ్డు వదిలి మట్టిబాటల్లో, పొలం గట్ల మీద పరుగు. దారి ఎగుడుదిగుడుగా ఉన్నా ఎక్కువ భాగం పరిగెత్తగలం. కొండపరుగులో పోటీ అంతా ఎత్తుతోనే. ప్రపంచ అథ్లెటిక్స్ లెక్క ప్రకారం దాని సగటు వాలు సుమారు 5 నుంచి 25 శాతం, అంటే కిలోమీటరుకు 50 నుంచి 250 మీటర్ల ఎక్కుడు. అంతకన్నా నిటారుది స్కైరన్నింగ్: 2000 మీటర్లు దాటిన ఎత్తులో, 30 శాతం మించిన వాలు. అందులో "వర్టికల్ కిలోమీటర్" అనే పోటీలో 5 కి.మీ. మించని దారిలో 1000 మీటర్లు ఎక్కాలి. మన రాష్ట్రంలో అన్నిటికన్నా ఎత్తైన ముళ్లయ్యనగిరికే 2000 మీటర్లు లేవు. కాబట్టి ఇక్కడ ఏ పోస్టర్ మీద "స్కైరన్" అని రాసినా అది పేరుకే. బెంగళూరు దగ్గరి నందికొండ (నందిహిల్స్) 1478 మీటర్లు, నిజమే. కానీ బెంగళూరే 900 మీటర్ల పైన కూర్చుని ఉంది. అడుగు నుంచి ఎక్కేది ఐదొందల చిల్లరే. అక్కడ వెయ్యి మీటర్లు కావాలంటే రెండుసార్లు ఎక్కించాలి, మధ్యలో బండిలో కిందికి దించాలి.

వేగం సంగతి చూడండి. స్విట్జర్లాండ్‌లోని ఫుల్లీలో 1.92 కి.మీ. దారిలో వెయ్యి మీటర్లు ఎక్కుతారు. 2017లో ఇటలీ పరుగువీరుడు ఫిలిప్ గోచ్ దాన్ని 28 నిమిషాల 53 సెకన్లలో ముగించాడు. గంటకు 4 కి.మీ. వేగం! లాల్‌బాగ్‌లో పొద్దున్నే చేతులూపుకుంటూ నడిచే పెద్దాయన అంతకంటే వేగంగా పోతారు. కాకపోతే ఆ నాలుగు కిలోమీటర్ల వేగంలోనే గోచ్ నిమిషానికి 34 మీటర్లు, అంటే పదకొండు అంతస్తులు పైకి పోయాడు. వాలు సుమారు 16 డిగ్రీలు దాటాక పరుగుకన్నా నడకకే తక్కువ శక్తి పడుతుందని ట్రెడ్‌మిల్‌ను వాల్చి కొలిచినవాళ్లు తేల్చారు. అందుకే మేటి క్రీడాకారులు కూడా చేతులు మోకాళ్ల మీద అదిమి, నడుం వంచి నడుస్తారు. "పరుగు పోటీలో నడుస్తున్నారేంటి?" అని నవ్వే ప్రేక్షకులు ఎప్పుడూ ఉంటారు, ఉండనివ్వండి.

నవ్వి వదిలేయకూడనిది ఎండ విషయం. చదును మీద గంటకు 12 కి.మీ. పరిగెత్తేవాడికి తన వేగమే గాలి విసురుతుంది. కొండెక్కేవాడి గుండె కూడా అంతే వేగంగా కొట్టుకుంటుంది, ఒళ్లు అంతే వేడెక్కుతుంది, కానీ గంటకు 3 కి.మీ. కదలికలో గాలి పుట్టదు. ఎండబారిన బండ కింద నుంచి సెగ కొడుతుంది. ఈ పోటీలు తెల్లారకముందే నెత్తి లైట్లతో మొదలవ్వాలి. వడదెబ్బ తగిలినవాణ్ని ముందు చన్నీళ్లలో ముంచి చల్లార్చి, ఆ తర్వాతే ఆసుపత్రికి తరలించాలి. దానికి కొండ అడుగున ఒక పెద్ద తొట్టి, దాన్నిండా ఐసునీళ్లు చాలు. శిఖరం మీద పరిస్థితి తలకిందులు: చెమటతో తడిసిన బట్టలు, పొగమంచు, ఈదురుగాలి. ముగింపు పైన ఉంటే ప్రతి ఒక్కరి పొడిబట్టల సంచి పోటీ మొదలవ్వకముందే పైకి చేరాలి.

మొదలుపెట్టే పద్ధతి కూడా వేరు. సుల్తాన్‌పేట నుంచి నందికి 1175 మెట్లు. అలాంటి దారిలో మూడొందల మందిని ఒకేసారి వదిలితే రెండో మలుపుకే తిరునాళ్ల రద్దీ. ఒకరిని దాటబోయి ఒకరు పక్కకు జారతారు, ఊతంగా పట్టుకునే చేతికర్రల మొనలు వెనకవాళ్ల మొహాలకు తగులుతాయి. 20 సెకన్లకొకరిని వదలాలి. మూడొందల మందికి 100 నిమిషాలు పడుతుంది. గడియారం ఎవరిది వారికే నడుస్తుంది కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

గడువుకు 1892 నాటి నైస్మిత్ సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: ప్రతి 5 కి.మీ.కు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. 10 కి.మీ., 1000 మీటర్ల ఎక్కుడు ఉన్న దారికి నడిచేవాడి లెక్క 3 గంటల 40 నిమిషాలు. నిటారు దిగుడులో పోయే సమయం ఇందులో లేదు. రోడ్డు పోటీని చూసి రెండు గంటల గడువు పెడితే చివరివాళ్లు భయంతో దిగుడులో దూకుతారు. తొడ ముందు కండ సాగుతూనే ఒంటి బరువును ఆపాల్సిన చోటది. అది అలిసిపోయాక మోకాలు లొంగిపోతుంది, ఆ తర్వాత పడటమే. నీళ్లను కూడా కిలోమీటర్ల లెక్కన పెట్టకూడదు. ముప్పై నలభై నిమిషాలకొక చోట ఉండాలి, ఎవరి దగ్గర వారికి అర లీటరు తప్పనిసరి.

2021 మే 22న చైనాలోని గాన్సులో జరిగిన 100 కి.మీ. పోటీని మీ అధికారులు చదవాలి. 172 మంది పాల్గొంటే 21 మంది చలికి చనిపోయారు. రెండో మజిలీకీ మూడో మజిలీకీ మధ్య దూరం 8 కిలోమీటర్లే, కానీ వెయ్యి మీటర్ల ఎక్కుడు. మోటారుసైకిలు కూడా పోలేని దారి కాబట్టి మూడో మజిలీలో తిండి, వేడినీళ్లు పెట్టలేదు. చలికోటు తప్పనిసరి చేయలేదు. వాన, వడగళ్లు, గాలి వచ్చేసరికి వెనక్కి తిరగడానికీ లేదు, ముందుకు పోయినా దిక్కు లేదు. కాగితం మీద ఆ ముక్క "8 కి.మీ." మాత్రమే.

మన కొండల బెడదలు వేరు. సావనదుర్గం లాంటి నున్నటి బండ మీద తడి నాచు పడితే ఎంత ఖరీదైన బూటైనా జారుతుంది. మట్టికోసం చేసిన లోతు పళ్ల అడుగు అక్కడ ఇంకా చెడ్డది. కర్రల ఇనుప మొనలు కీచుమంటూ జారతాయి, రబ్బరు తొడుగు వేయాలి. ముందువాళ్ల కాళ్ల కింద రాయి కదిలితే "రాయి!" అని అరవడం అందరికీ నేర్పాలి. బండల అంచున పెద్ద తేనెటీగల పట్లు ఉంటాయి, కాబట్టి పోటీకి ముందురోజు దారంతా చూసిరావాలి. డ్రోన్లు, పొగ వద్దేవద్దు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పిడుగులు పడతాయి. మెరుపు కనిపించాక ఉరుము 30 సెకన్లలోపు వినిపిస్తే పోటీ ఆపాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. రామనగరలోని రాబందుల అభయారణ్యం, కుమారపర్వతం ఉన్న పుష్పగిరి అభయారణ్యం లాంటి చోట్ల పోటీలే వద్దని మేమే అంటున్నాం.

అంబులెన్సు రోడ్డు చివరి దాకే వస్తుంది. అక్కడి నుంచి స్ట్రెచర్‌కు ఆరుగురు, వాళ్లను మార్చడానికి మరో ఆరుగురు కావాలి. ఆ పన్నెండు మంది ఎవరు, ఎక్కడ నిలబడతారు అన్నది దరఖాస్తులోనే ఉండాలి. దాంతోపాటు: మొత్తం ఎక్కుడు, మొత్తం దిగుడు, అన్నిటికన్నా నిటారు ముక్క ఎక్కడ, ఎంత వాలు, మజిలీల మధ్య పట్టే సమయం, పోటీ ఆపే అధికారం ఎవరిది. ఎక్కుడు లెక్కకు చేతిగడియారం జీపీఎస్‌ను నమ్మొద్దు, అది తరచూ పెంచి చూపిస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా పటంలోని ఎత్తుగీతలతో సరిచూడమనండి. ఒకే అంకె కావాలంటే ట్రెయిల్ రన్నర్ల అంతర్జాతీయ సంఘం వాడే లెక్క ఉంది: ప్రతి 100 మీటర్ల ఎక్కుడును ఒక కిలోమీటరుగా దూరానికి కలపాలి. వెయ్యి మీటర్లు ఎక్కే ఆ పది కిలోమీటర్లు అప్పుడు ఇరవై అవుతాయి.

ఈ గడులన్నీ వేసిన నమూనా దరఖాస్తును కన్నడ ప్రతితో జతచేశాం.

ఇట్లు,
బెంగళూరులో కొండలెక్కి పరుగెత్తే కొందరు తెలుగువాళ్లు